ఎదురు షాపులో నురగ లేదు

నవంబరు 4, సోమవారం

షాంపూ కంపెనీ వాళ్ళు ఏడాది మొదట్లో ఇచ్చిన డైరీ ఇది. పది నెలలుగా దీని మీద టీ గ్లాసు పెడుతున్నాను. ఇవాళ రాయడం మొదలుపెట్టానంటే కారణం ఒక్కటే. పైకి అంటే ఇంట్లో మా ఆయనా, అత్తయ్యా ఇద్దరూ వింటారు, విని ఊరుకోరు.

ఎదురుగా చెప్పుల షాపు ఖాళీ అయి ఆరు నెలలయింది. ఇవాళ అక్కడ కొత్త బోర్డు ఎక్కింది. ఆకుపచ్చ రంగు. పైన ఏదో పేరు, కింద పెద్ద అక్షరాల్లో ఇలా రాసి ఉంది: "ఇక్కడ షాంపూ వాడం. కండిషనర్‌తోనే తల కడుగుతాం."

రెండుసార్లు చదివాను. తలలు కడిగే షాపు పెట్టి షాంపూ వాడమని గొప్పగా బోర్డు! బట్టల కొట్టు తెరిచి మా దగ్గర గుడ్డ దొరకదని రాసుకున్నట్టుంది. ఇరవై రెండేళ్ళుగా ఈ వీధిలో ఆడవాళ్ళ తలలు కడుగుతున్నాను. మురికి వదలాలంటే నురగ రావాలి. నురగ రాకపోతే దాన్ని తడపడం అంటారు, కడగడం అనరు.

మధ్యాహ్నం నిచ్చెన మీంచి ఒక మనిషి దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని బోర్డు వంక మురిపెంగా చూసుకుంది. ఆ జుట్టు చూడగానే పోల్చాను. తల చుట్టూ మబ్బు కమ్మినట్టు ఉంగరాలు. మహారాణి!

నా దగ్గరే పని నేర్చుకుంది. మూడేళ్ళు. బేసిన్ దగ్గర మెడ ఎలా పట్టుకోవాలో, చెవిలోకి నీళ్ళు పోకుండా చెయ్యి ఎలా అడ్డం పెట్టాలో, అన్నీ నేనే నేర్పాను. రెండేళ్ళ క్రితం తనంతట తనే మానేసి వెళ్ళింది. ఎందుకు మానేసిందో నాకు తెలియదు. ఇంత ఊరు ఉండగా నా గుమ్మానికి ఎదురుగానే దొరికిందా చోటు?

నవంబరు 5

అటు చూడలేదు.

నవంబరు 6

చూశాను. కావాలని కాదు. నా షాపు అద్దాల తలుపు అటే ఉంది, నేనేం చెయ్యను.

పొద్దుటినుంచి ముగ్గురు వెళ్ళారు. అందులో ఒకామె ఐదు నిమిషాల్లో బయటికి వచ్చి, రోడ్డు దాటి, నేరుగా నా దగ్గరికి వచ్చింది. పల్చటి జుట్టు, మాడంతా జిడ్డు.

"మీ దగ్గర షాంపూతోనే కడుగుతారు కదండీ?"

"మరి దేనితో కడుగుతామమ్మా, గంజితోనా?"

రెండుసార్లు నురగ వచ్చేలా రుద్ది, హాయిగా పంపించాను. మొదట్లోనే ఇలా పారిపోయి వస్తున్నారు. నెల తిరిగేలోపు ఆ బోర్డు దిగుతుంది.

చలి మొదలైంది. వేళ్ళ సందుల్లో కాస్త పగుళ్ళు. ప్రతి ఏడూ ఉండేదే.

నవంబరు 11, సోమవారం

బ్యాంకామె వచ్చింది. పన్నెండేళ్ళ కస్టమరు. ఎంత దువ్వినా లొంగని ఒత్తయిన ఉంగరాల జుట్టు ఆమెది. కుర్చీలో కూర్చుని కాసేపు నసిగింది.

"ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోరు కదా?"

"అడగండి."

"ఇవాళ షాంపూ వద్దండీ. కండిషనర్‌తోనే కడగరా?"

"కండిషనర్ అనేది కడిగిన తర్వాత రాసేది. చెయ్యి తుడుచుకునే గుడ్డతో చెయ్యి కడుక్కుంటామా?"

"అది కాదు. మాలాంటి జుట్టు అసలే పొడి అట. షాంపూ ఉన్న కాస్త నూనెనీ లాగేస్తుందట. కండిషనర్‌లో కూడా మురికి వదిలించే గుణం కొంచెం ఉంటుందట. మాడుకి పట్టించి, వేళ్ళతో చాలాసేపు రుద్ది, బాగా నీళ్ళు పోసి కడిగేస్తే చాలట."

"ఎన్ని 'అట'లండీ! ఎవరు చెప్పారేమిటి?"

ఆమె చూపు తలుపు వైపు పోయింది. చదువుకున్న మనిషి, బ్యాంకులో అంత పెద్ద కుర్చీలో కూర్చునే మనిషి, ఒక ఆకుపచ్చ బోర్డుకి పడిపోయింది. షాంపూతోనే కడిగాను. ఒకసారి ఎక్కువే రుద్దాను. ఆరబెట్టాక ఆమె అద్దంలో చూసుకుని, జుట్టు కొసలు చేత్తో నలిపి లేచింది. గడ్డి నలిపినట్టు చప్పుడయిన మాట నిజమే. ఆమె జుట్టు ఎప్పుడూ అంతే. నా తప్పు ఏముంది.

కడుగుతుంటే చేతులు పచ్చిమిరపకాయలు నూరినట్టు మండాయి. ఈ కొత్త డబ్బాలో షాంపూ ఏదో తేడాగా ఉంది. డీలరుని అడగాలి.

నవంబరు 14

డీలరు అదే సరుకు అంటాడు. ఐదేళ్ళుగా ఏమీ మారలేదట. అబద్ధాలకోరు.

నవంబరు 18

బ్యాంకామె ఎదురు షాపులోకి వెళ్ళింది. నాకు కనబడకుండా గొడుగు అడ్డం పెట్టుకుంది. వాన లేదు. ఎండ లేదు. గొడుగు ఉంది.

నవంబరు 20, బుధవారం

ఇవాళ్టిది రాయాలంటేనే ఒళ్ళు మండుతోంది.

మేడ మీద మా ఇల్లు, కింద షాపు. అత్తయ్యకి డెబ్బై ఆరేళ్ళు. మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగడానికే పావుగంట పడుతుంది. దిగి, షాపు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చేపోయే వాళ్ళ మీద వ్యాఖ్యానం చెబుతూ కూర్చోవడం ఆవిడ ఉద్యోగం. మధ్యాహ్నం చూస్తే కుర్చీ ఖాళీ. మేడ మీద లేదు. ఆస్పత్రిలో కరెంటు పనిలో ఉన్న మా ఆయనకి ఫోన్ చేశాను, పని వదిలి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరం వీధి చివరి దాకా వెతికి వచ్చేసరికి, ఎదురు షాపు తలుపు తెరుచుకుని ఆవిడ బయటికి వచ్చింది. మహారాణి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, నా వంక చూడకుండా వెనక్కి వెళ్ళిపోయింది.

"ఎక్కడికెళ్ళారు?"

"కనబడ్డంలా? తల కడిగించుకోవడానికి."

"ఇంట్లో కోడలు అదే పని చేస్తుంటే, రోడ్డు దాటి వెళ్ళి కడిగించుకుంటారా?"

"నువ్వు కడిగితే బట్ట బండకేసి బాదినట్టుంటుందే. అది కడుగుతుంటే నిద్రొచ్చింది."

మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది. భుజాలు కదులుతున్నాయి.

"నా గురించి ఏమంది?"

"నీ ఊసే రాలేదు."

నేను నమ్మను.

నవంబరు 21

అత్తయ్య తల దువ్వాను. రోజూ దువ్వుతుంటే పిడికెడు వెంట్రుకలు దువ్వెనకి వచ్చేవి. ఇవాళ నాలుగో ఐదో వచ్చాయి. చిక్కు లేదు. జుట్టు మెత్తగా ఉంది.

కుక్కపిల్ల కూడా మెత్తగానే ఉంటుంది. మెత్తగా ఉంటే శుభ్రంగా ఉన్నట్టా?

నవంబరు 27, బుధవారం

నిరూపించాను. షాపులో ఎవరూ లేని వేళ చూసుకుని, అరడబ్బా కండిషనర్ నా తలకే పట్టించి కడుక్కున్నాను. ఆరిన తర్వాత జుట్టు నూనెలో ముంచి తీసినట్టు నెత్తికి అంటుకుపోయింది. నాకంత ఆనందం ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు. మేడ మీదికి వెళ్ళి అత్తయ్య ముందు తల వంచి నిలబడ్డాను.

"చూడండి మీ కండిషనర్ మహిమ!"

ఆవిడ ఒక పాయ పట్టుకుని చూసింది. "ఎంతసేపు రుద్దావు?"

"రుద్దేదేముంది? రాశాను, కడిగాను."

"అది పది నిమిషాలు రుద్దుతుంది. మాడంతా వేళ్ళతో మెల్లగా. నువ్వు గోడకి సున్నం వేసినట్టు వేసి ఉంటావు."

ఈ ఇంట్లో నా పక్షం మాట్లాడే మనిషి ఒక్కరూ లేరు.

ఒకటి మాత్రం గమనించాను. రాస్తున్నంతసేపూ చేతులు మండలేదు. అది వేరే సంగతి.

నవంబరు 30

అటునుంచి ఇంకొకామె వచ్చింది. ఈమెదీ జిడ్డు తలే. వచ్చిన వాళ్ళందరికీ షాంపూతో కడుగుతున్నాను, ఎవరినీ ఏమీ అడగడం లేదు. నా విశాల హృదయం నాకే ఆశ్చర్యంగా ఉంది.

గ్లౌజులు వేసుకుని కడిగాను. ఎందుకని అడిగితే జుట్టుకి రంగు వేసే పని మధ్యలో ఉందన్నాను.

డిసెంబరు 2

మొదటి రోజు తొందరలో రాశాను, సరిచేస్తున్నాను. మహారాణి తనంతట తను మానేయలేదు, నేనే మాన్పించాను. రోజూ ఆలస్యంగా వచ్చేది. పనిలో శ్రద్ధ లేదు. అలాంటి వాళ్ళని ఎవరు ఉంచుకుంటారు?

డిసెంబరు 5, గురువారం

పాత కస్టమరు టీచరమ్మ తల తుడుస్తుంటే తెల్ల టవల్ మీద ఎర్రటి చారలు. గ్లౌజు వేలు దగ్గర చిరిగింది, నేను చూసుకోలేదు.

"అయ్యో, నెత్తురు! నా తలలోంచా?" అని ఆమె లేచి నిలబడింది.

"కాదండీ, నాకే. కత్తెర తగిలింది," అన్నాను.

కత్తెర ఇంకా తియ్యనే లేదు. ఆమె కత్తెర వంకా, నా వంకా చూసి కూర్చుంది. టవల్ నేనే ఉతుక్కున్నాను.

డిసెంబరు 6, శుక్రవారం

మా ఆయన నా చేతులు చూశాడు. రాత్రిపూట గ్లౌజులు వేసుకుని పడుకునే భార్య ఎవరికైనా ఉంటుందా అని వారం రోజులుగా అనుమానంగా ఉందట. తన ఆస్పత్రిలోనే చర్మం డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాడు.

డాక్టరమ్మకి ముప్పై ఏళ్ళుంటాయేమో. దీనికేం తెలుసులే అనుకున్నాను. నా వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి చూసింది. వేళ్ళ సందుల్లో ఎర్రగా, అరచేతుల అంచుల్లో కోసినట్టు.

"రోజుకి ఎన్ని తలలు కడుగుతారు?"

"పదిహేను. రద్దీ ఉంటే ఇరవై."

"ఎన్నేళ్ళుగా?"

"ఇరవై రెండు."

"నురగ వచ్చేవన్నీ చర్మంలో ఉన్న నూనెని లాగేస్తాయమ్మా. ఇన్నాళ్ళు తట్టుకోవడమే గొప్ప. ఆరు వారాలు చేతులు షాంపూలో పెట్టకండి. ఆ తర్వాత కూడా గ్లౌజులు లేకుండా వద్దు."

"పెడితే?"

"కత్తెర పట్టుకోలేరు."

ఒక పూత మందు రాసింది. రాస్తూ తల ఎత్తకుండా అడిగింది. "మీ షాపులో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా?"

"లేదండీ. ఎవరికీ రాలేదు."

డిసెంబరు 7

ఎవరికీ రాలేదని చెప్పాను.

డిసెంబరు 9, సోమవారం

రాసేస్తాను. రాస్తే పోతుందని కాదు. చేతులకి పని లేక మూడు రోజులయింది, ఏదో ఒకటి చెయ్యాలి కదా.

మహారాణి ఆలస్యంగా వచ్చేది కాదు. నాకంటే ముందు వచ్చి తలుపు దగ్గర నిలబడేది. ఆమె మానేయలేదు, నేను మాన్పించనూ లేదు. జరిగింది ఇది.

రెండేళ్ళ క్రితం చలికాలం. అప్పటికి నెల రోజులుగా చేతులు తెచ్చి చూపిస్తోంది. వేళ్ళ సందుల్లో ఎర్రగా, అరచేతుల అంచుల్లో కోసినట్టు. "అక్కా, గ్లౌజులు వేసుకుని కడగనా?" అని అడిగింది. గ్లౌజులతో తల కడిగితే శవానికి స్నానం చేయించినట్టుంటుంది, కుదరదన్నాను. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను, నాకు రాని జబ్బు నీకెలా వచ్చింది అన్నాను. అప్పటికి నాకు రాలేదు. అదొక్కటే నా గొప్ప.

ఒక శనివారం షాపు నిండుగా ఉంది. బేసిన్ దగ్గర టీచరమ్మ తల వాల్చి ఉంది. బ్యాంకామె, మూల మీది మందుల షాపామె వంతు కోసం కూర్చున్నారు. గుమ్మం దగ్గర అత్తయ్య. ఆ అమ్మాయి రెండు చేతులూ గాలిలో పట్టుకుని ఆగిపోయింది.

"అక్కా, ఇవాళ నావల్ల కాదక్కా."

నేను అందరికీ వినబడేలా అన్నాను: "చూశారా, మహారాణి గారి చేతులు నీళ్ళలో పెడితే కరిగిపోతాయట! పల్లకీ తెప్పించనా తల్లీ?"

నలుగురూ నవ్వారు. మాట బాగా పేలిందని నాకు సంతోషం వేసింది. ఆ పేరు పెట్టింది అప్పుడే. అంతకుముందు ఆమెకి పేరుండేది, నేను దాంతోనే పిలిచేదాన్ని. డైరీలో కూడా ఇన్నాళ్ళూ మహారాణి అనే రాశాను.

ఆమె వంగి టీచరమ్మ తల కడిగింది. తుడుస్తుంటే తెల్ల టవల్ మీద ఎర్రటి చారలు. టీచరమ్మ ఛీ అంది. నేను ఆ టవల్ ఆమె చేతికే ఇచ్చాను. "ఇది నువ్వే ఉతుకు. షాంపూ నీళ్ళలో నానబెట్టి, మరక పోయేదాకా."

ఉతికింది. ఆరేసింది. ఏప్రన్ కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. మనిషిని పంపి ఎలా ఉందో కనుక్కుని ఉండొచ్చు. కనుక్కోలేదు.

డిసెంబరు 12

చేతులు షాంపూలో పెట్టకూడదు కాబట్టి, పొడి జుట్టు కత్తిరించడం ఒక్కటే చేస్తున్నాను. మా ఆయన సెలవు పెట్టి తల కడగడానికి సాయం వస్తానన్నాడు. ముందు అత్తయ్య మీద ప్రయోగం చేశాడు. ఆవిడ చెవిలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, ఆయన చొక్కా నిండా నీళ్ళు. "ఫ్యూజు వెయ్యడంలాంటిదే అనుకున్నాను," అన్నాడు. ఈ ఇంట్లో మగవాళ్ళ ఆలోచన ఆ మాత్రమే.

వచ్చిన కస్టమర్లలో సగం మంది వెనక్కి వెళ్ళిపోయారు.

డిసెంబరు 17

అత్తయ్య గుమ్మంలోంచి తల తిప్పకుండా అంది: "వెళ్ళి మాట్లాడు."

"ఎవరితో?"

"నీకు తెలీదా?"

"ఏమని మాట్లాడాలి?"

"నాకేం తెలుసు? నోరు నీది. అప్పుడు అంత బాగా పనిచేసింది కదా."

డిసెంబరు 20, శుక్రవారం

వెళ్ళాను. మూడు గంటలకి, ఎవరూ లేని వేళ. చేతులకి నూలు గ్లౌజులు. ఏం మాట్లాడాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. నాలుగింటిలోనూ చివరికి నాదే పైచెయ్యి.

లోపల రెండు బేసిన్లు, రెండు కుర్చీలు. నేల శుభ్రంగా ఉంది. నాకు ఎక్కడా వంక దొరకలేదు, కర్టెన్ రంగు తప్ప.

"రండి అక్కా," అంది, నిన్ననే చూసినట్టు. "కడిగించుకోవడానికా, చూసి పోవడానికా?"

"కడిగించుకోవడానికే."

పడుకోబెట్టింది. ఎడమ చెయ్యి మెడ కింద, కుడి చెయ్యి చెవికి అడ్డం. నేను నేర్పిన పట్టే. చాలాసేపు తడిపింది. తర్వాత పాయ పాయ విడదీసి, మాడుకి కండిషనర్ పట్టించి, వేళ్ళ కొసలతో చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు రుద్దడం మొదలుపెట్టింది. నురగ లేదు. చప్పుడు లేదు. గోడ గడియారం కనబడుతోంది కాబట్టి తెలుసు, పది నిమిషాలు రుద్దింది.

"మీ జుట్టుకి ఇది పడదక్కా," అంది మధ్యలో. "ఇవాళ బాగానే ఉంటుంది. ఎల్లుండికి జిడ్డు. మీది సన్నటి జుట్టు, నూనె మాడు. షాంపూయే మంచిది. అలాంటి వాళ్ళు వస్తే మీ దగ్గరికే పంపిస్తున్నాను కదా."

"ఎవరిని పంపావు?"

"రాలేదా? షాపు తెరిచిన కొత్తలో ఒకామె. తర్వాత ఎనిమిది మందో, తొమ్మిది మందో."

పారిపోయి వచ్చారని రాసుకున్నాను నేను. నా విశాల హృదయం గురించి కూడా రాసుకున్నాను.

"మరి ఆ బోర్డేమిటి? నా షాపు మీదికేగా?"

"కాదక్కా. మొదట్లో ఇదంతా జుట్టు కోసం కాదు, చేతుల కోసం. మీ దగ్గరినుంచి వెళ్ళాక పుళ్ళు మానడానికి ఎనిమిది నెలలు పట్టింది. చెంచా పట్టుకోలేని రోజుల్లో అమ్మ తినిపించేది. నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు. నురగలో చెయ్యి పెట్టకుండా తల కడిగే దారి ఏదైనా ఉందా అని వెతికాను. నా జుట్టు మీదే చేసి చూశాను. మాలాంటి ఉంగరాల జుట్టుకి మేలని ఆ తర్వాతే తెలిసింది. ఇదీ అందరి చేతులకీ పడదు, నాకు పడింది."

నేను పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాను. ఆమె మొహం కనబడదు. మొహం కనబడి ఉంటే నోరు పెగిలేది కాదేమో.

"ఆ రోజు నేను అన్నది తప్పు."

"ఏది?"

"ఏదంటే... పల్లకీ మాట."

"ఇంకా?"

"గ్లౌజుల మాట."

"ఇంకా?"

"టవల్."

వేళ్ళు ఆగిపోయాయి. కాసేపటికి మళ్ళీ కదిలాయి, అంతకుముందు ఎంత మెల్లగా ఉన్నాయో అంతే మెల్లగా.

"నాకు చెప్పి ఏం లాభం అక్కా, నాకు తెలిసిందేగా. నవ్విన వాళ్ళకి చెప్పండి."

"రెండేళ్ళయింది. వాళ్ళకి గుర్తుంటుందా?"

"నాకు గుర్తుంది."

తల తుడిచి లేపింది. ఆమె చేతులు చూశాను. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా, గీతలు గీతలుగా మిగిలింది. నా చేతులు చూపించమని ఆమె అడగలేదు.

డిసెంబరు 21

అత్తయ్యకి మొదట చెప్పాను, సులువని. "ఆ రోజు నవ్విన నలుగురిలో మీరొకరు..."

"తెలుసు," అంది. "పోయిన నెల నేను రోడ్డు దాటింది ఎందుకనుకున్నావు? కుర్చీలో కూర్చోగానే చెప్పేశాను. నవ్వానమ్మా, తప్పయిందని. సరే వచ్చారు కదా, తల కడగనా అంది."

"ఊసే రాలేదన్నారు నాతో!"

"నీ ఊసు రాలేదు. నా తప్పు ఊసు వచ్చింది."

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే నాతో మాట్లాడ్డం మానేస్తావు. ఈ వయసులో మాట్లాడే మనిషి కావాలే నాకు, తిట్టేదైనా సరే."

డెబ్బై ఆరేళ్ళ మోకాళ్ళు నాకంటే నెల ముందు దాటాయి ఆ రోడ్డు.

డిసెంబరు 27

మందుల షాపామెకి చెప్పాను. "అవునా, నేనూ నవ్వానా? నవ్వే ఉంటాను, మీ మాటలకి నవ్వని వాళ్ళెవరు!" అంది. ఆ తర్వాత మందుల అరల వైపు తిరిగి చాలాసేపు ఏదో సర్దింది. అక్కడ సర్దాల్సింది ఏమీ లేదు.

డిసెంబరు 30

టీచరమ్మకి కోపం వచ్చింది. "అన్నది మీరు. ఉతికించింది మీరు. మధ్యలో నన్నెందుకు లాగుతారు?" అంది. నిజమే అన్నాను. నేను నిజమే అనడం ఆమె ఎప్పుడూ వినలేదు కాబోలు, భయపడినట్టు వెళ్ళిపోయింది. ఇక రాదు. పరీక్షల్లో పిల్లలు కాపీ కొడితే నీతులు చెప్పే మనిషి. రాకపోతే పోయింది.

జనవరి 4, శనివారం

బ్యాంకామెని బ్యాంకులోనే పట్టుకున్నాను. గాజు గది, ఎదురుగా రెండు కుర్చీలు. పన్నెండేళ్ళలో ఆమె కుర్చీలో ఉండి నేను ఎదురుగా కూర్చోవడం ఇదే మొదటిసారి.

"నాకసలు గుర్తే లేదండీ," అంది.

"మీరు అందరికంటే గట్టిగా నవ్వారు. కళ్ళలో నీళ్ళు వస్తే కొంగుతో తుడుచుకున్నారు."

"ఇప్పుడు పదిహేను రోజులకోసారి ఆమె దగ్గరికే వెళ్తున్నాను. ఒక్కసారైనా అనలేదే?"

"అనదు."

ఆమె చెయ్యి జుట్టు మీదికి వెళ్ళింది. ఉంగరాలు మెరుస్తున్నాయి, చక్కగా, ఒక్కొక్కటి విడివిడిగా. నేను పన్నెండేళ్ళు కడిగిన జుట్టు. ఇలా ఉండగలదని నాకు తెలియదు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. నేను లేచి వచ్చేశాను.

జనవరి 9

ఎదురు షాపుకి వెళ్ళి చెప్పాలనుకున్నాను, ముగ్గురికీ చెప్పాను, అత్తయ్య తనే చెప్పుకుందని. వెళ్ళలేదు. చేసిన హోంవర్కు చూపించడానికి నేనేమైనా రెండో తరగతా?

జనవరి 18, శనివారం

ఆరు వారాలు నిండాయి. పగుళ్ళు చాలావరకు మూసుకున్నాయి. డాక్టరమ్మ ఇక అన్ని పనులకీ సరే అంది. తల కడగడం మాత్రం పొడవాటి గ్లౌజులతోనే.

పదకొండు గంటలకి షాపులో ఇద్దరు కొత్తవాళ్ళు కూర్చుని ఉన్నారు. గుమ్మంలో అత్తయ్య. ఆ అమ్మాయి రోడ్డు దాటి వచ్చింది. రెండేళ్ళ తర్వాత లోపలికి అడుగు పెట్టడం. ఏప్రన్లు తగిలించే కొక్కేల వైపు చూడకుండా నేరుగా కుర్చీ దగ్గరికి నడిచింది.

"చివర్లు కత్తిరించాలక్కా. వెనకవైపు నాకు అందదు."

"ఊళ్ళో ఇన్ని షాపులున్నాయిగా?"

"కత్తెర పని మీకే బాగా వచ్చు."

"పొగడక్కర్లేదు. కూర్చో."

గుడ్డ కప్పాను. నీళ్ళు చల్లే సీసా తీసుకున్నాను.

"తడపకండి. ఉంగరాల జుట్టు పొడిగా ఉన్నప్పుడే..."

"నాకు నేర్పకు," అన్నాను. సీసా మాత్రం పక్కన పెట్టాను.

ఒక్కొక్క ఉంగరం వేలికి చుట్టి, కొస చూసి కత్తిరించడం. నిదానమైన పని. కూర్చున్న వాళ్ళలో ఒకామె చాలాసేపు చూసి అడిగింది. "ఎంత బాగుందండీ జుట్టు! ఎవరీ అమ్మాయి, మీ చుట్టాలా?"

ఎదురు షాపామె అనవచ్చు. తెలిసిన అమ్మాయి అనవచ్చు. రెండూ నోటిదాకా వచ్చాయి.

"నా దగ్గర పనిచేసింది," అన్నాను. "షాంపూతో చేతులు పగిలిపోతే గ్లౌజులు అడిగింది, ఇవ్వలేదు. నలుగురి ముందు మహారాణి అని ఎగతాళి చేశాను. నెత్తురు అంటిన టవల్ ఆ చేతులతోనే ఉతికించాను."

అత్తయ్య రోడ్డు వైపు చూస్తోంది. నా కత్తెర గాలిలో ఆగింది. అద్దంలో చూడక తప్పలేదు. ఆ అమ్మాయి నా మొహంలోకే చూస్తోంది. నవ్వలేదు. ఏడవలేదు. కుర్చీలోంచి లేవలేదు.

"ఎడమవైపు ఇంకో అంగుళం తీయండక్కా," అంది.

తీశాను.